హనా పేరు రాయని కాగితం

మొన్న ఆదివారం మా పై వాటాలో కొత్తగా దిగిన విదేశీ దంపతుల వివరాలు పోలీసు వారికి పంపాలని మా కోడలు సోఫాలో కూర్చుని ఫోనులో ఏదో ఫారం నింపుతోంది. భార్యాభర్తలిద్దరూ దగ్గరలో ఏదో పరిశోధన పని మీద వచ్చారట, ఒళ్ళో చంటిబిడ్డ. పాస్‌పోర్టు నెంబరు, వీసా గడువు, ఎప్పుడొచ్చారు, ఎప్పటిదాకా ఉంటారు, అన్నీ చకచకా కొట్టేసి, పాప పేరేమన్నారు అత్తయ్యా అని తలెత్తకుండానే అడిగింది. నాకు తెలిసిన పేరే, పొద్దున మెట్ల మీద వాళ్ళమ్మ నోట విన్నదే, అయినా చెప్పడానికి నోరు పెగల్లేదు. రెండోసారి అడిగి, నా మొహం చూసి, బీపీ మాత్ర వేసుకోలేదా అని లేచి వచ్చింది. మాత్ర వేసుకున్నాను. యాభై ఏళ్ళ పైచిలుకు కిందట ఇదే ప్రశ్న ఒక తల్లిని నేను అడగవలసి ఉండీ అడగలేదు, దాని వల్ల ఏం జరిగిందో ఇంతవరకు ఇంట్లో ఎవరికీ చెప్పనూ లేదు. నా ఈడు వాళ్ళకైతే చెప్పుకోవచ్చుననిపించి ఇప్పుడు రాస్తున్నాను.

మాది తెనాలి దగ్గర ఒక పల్లె. అరవైలలో పటాన్‌చెరు దారిలో పెద్ద ప్రభుత్వ కర్మాగారం ఒకటి లేస్తున్నప్పుడు మా అన్నయ్యకు అందులో ఫిట్టరుగా ఉద్యోగం వచ్చి, వదినతో పాటు పెళ్ళికాని నన్ను కూడా వెంట తీసుకొచ్చాడు. పటాన్‌చెరులో రెండు గదుల కిరాయి ఇల్లు, వెనక బావి, బావి అవతల జొన్నచేలు. నేను టైపు హయ్యరు ప్యాసయ్యాను కనుక ఏడాది తిరక్కుండా అదే కర్మాగారంలో, సిబ్బంది విభాగంలో, తాత్కాలికపు గుమాస్తా పని దొరికింది. మా మాట వినగానే అంగట్లో వాళ్ళు ఏ ఊరమ్మా మీది అని అడిగేవారు, మర్యాదగానే అడిగేవారు కానీ, ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నేను ఇక్కడి దాన్ని కానని గుర్తుకొచ్చి కొంగు సర్దుకునేదాన్ని. ఇంత చేసి నేను మారింది ఒకే రాష్ట్రంలో జిల్లా మాత్రమే. సముద్రాలు దాటి వచ్చినవాళ్ళకు ఎలా ఉంటుందో అప్పుడు ఆలోచించినదాన్ని కాదు.

అలా దాటి వచ్చినవాళ్ళు మా దగ్గర పదిహేను కుటుంబాల దాకా ఉండేవారు. యంత్రాలు బిగించి, మనవాళ్ళకు పని నేర్పడానికి యూరపు నడిమధ్య దేశం నుంచి వచ్చిన ఇంజనీర్లు. ఇప్పుడు ఆ పేరుతో దేశమే లేదు, రెండు ముక్కలయింది. వాళ్ళకు కాలనీలో ఒక వరసంతా పెంకుటి బంగళాలు కట్టించి ఇచ్చారు. జీతం, జీపు, వంటమనిషి అన్నీ ఉన్నా, ఇక్కడ ఉండడానికి మాత్రం వాళ్ళకు అడుగడుగునా అనుమతి కావాలి. ఒక్కొక్కరి పేరు సంగారెడ్డిలోని జిల్లా పోలీసు కార్యాలయంలో నమోదు కావాలి, ఏటేటా గడువు పొడిగించాలి, నాలుగు రోజులు ఊటీకో బొంబాయికో వెళ్ళాలన్నా ముందే తెలియజేయాలి, ఇల్లు మారితే చెప్పాలి, బిడ్డ పుడితే చెప్పాలి, దేశం విడిచి పోయేనాడు ఆ కాగితాలన్నీ తిరిగి అప్పగించి పోవాలి. ఈ పని చేయడానికి మా విభాగంలో ఎవరికీ ఓపిక లేక, కొత్తగా చేరిన నా నెత్తిన పడింది. ప్రతి బుధవారం గుడ్డసంచీ నిండా పాస్‌పోర్టులు పెట్టుకుని, సంచీని ఒళ్ళో రెండు చేతులా పట్టుకుని సంగారెడ్డి బస్సెక్కేదాన్ని. పక్కన కూర్చున్నవాళ్ళు అందులో ఏముందో అని అనుమానంగా చూసేవారు.

సంగారెడ్డిలో ఆ విభాగం చూసే పెద్ద గుమాస్తా రోజూ ఆ పక్కనే ఉన్న కొండాపూర్ నుంచి సైకిలు మీద వచ్చేవారు. ఉర్దూలో చదువుకున్న మనిషి, ఇంగ్లీషు అక్షరం ముత్యంలా రాసేవారు. వెళ్ళగానే ముందు కుండలో నీళ్ళు తాగమనేవారు, ఆ తర్వాతే సంచీ విప్పమనేవారు. ప్రతి పుటా చదివేవారు. సరిగా ఉన్న కాగితం ఆయన దగ్గర ఒక్క పూట ఆగేది కాదు, తప్పున్న కాగితం ఎంత బతిమాలినా కదిలేది కాదు. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఆయన మీద నేను పెద్ద నింద మోపాను.

ఆ పదిహేను కుటుంబాలలో ఒకరు నాకు బాగా దగ్గరయ్యారు. భర్త మా టర్బైన్ల విభాగంలో ఇంజనీరు, ఇంగ్లీషు వచ్చు, పొద్దున పోతే చీకటి పడ్డాక గాని ఇంటికి రాడు. భార్యకు ఇంగ్లీషు అంతంత మాత్రం. మిగిలిన ఆడవాళ్ళు తమలో తామే ఉండి కాఫీలు తాగుతూ కాలక్షేపం చేస్తుంటే, ఈవిడ మాత్రం తనకు పాలు పోసే ఆమె వెనక తిరిగి తెలుగు నేర్చుకుంది. పాలామె పక్క ఊరి మనిషి, ఆమె ఎలా మాట్లాడితే ఈవిడా అలాగే మాట్లాడేది. కాలనీలో మా కోస్తా వాళ్ళంతా ఒక రకంగా మాట్లాడుతుంటే తెల్లటి దొరసాని వచ్చి, "ఏంది చెల్లె, మంచిగున్నవా" అని పలకరించేసరికి మా వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తేది. తొలకరి వాన పడితే చాలు, గంప చంకన పెట్టుకుని తుప్పల్లో పుట్టగొడుగులు ఏరడానికి బయల్దేరేది. తన ఊళ్ళో అమ్మతో కలిసి అలాగే అడవికి వెళ్ళేదట. పాలామె వెనకే పరుగెత్తి ఒక్కొక్కటి లాక్కుని చూసి, విషమనుకున్నవి దూరంగా పారేసేది, ఈవిడ వెళ్ళి మళ్ళీ తెచ్చుకునేది, చివరకు ఇద్దరూ గట్టు మీద కూర్చుని నవ్వుకునేవారు. ఈవిడ తన అమ్మకు ఒక్కతే కూతురు. వారానికొక ఉత్తరం రాసేది, ఆ ఉత్తరం చేరడానికి ఇరవై రోజులు, జవాబుకు మరో ఇరవై రోజులు పట్టేది.

రెండో ఏడు ఆవిడ కడుపుతో ఉంది. కాన్పుకు అమ్మ దగ్గరకు పంపలేదేమని మా వదిన నన్ను అడిగి అడిగి విసిగించింది. వాళ్ళలో అలాంటి ఆనవాయితీ లేదని చెప్పినా ఆమె మనసు ఒప్పుకోలేదు. పుట్టినింటి నుంచి ఎవరూ రాలేరు కనుక ఆ బాధ్యత మనదే అని వదిన తీర్మానించింది. కర్మాగారం ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. మూడో రోజున నేను బిడ్డ పుట్టినట్టు తెలియజేసే ఫారం తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాను. తల్లి చేత సంతకం పెట్టించాను. తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ టైపు చేశాను. పేరు దగ్గర మాత్రం ఖాళీ వదిలేశాను.

ఎందుకు వదిలానో ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. మన ఇళ్ళలో ఇరవై ఒకటో రోజున బారసాల చేసి, బియ్యంలో పేరు రాసి, బిడ్డ చెవిలో చెప్పేదాకా బిడ్డకు పేరుండదు. అప్పటిదాకా బుజ్జి, చిన్ని, పాపాయి, ఎవరి నోటికి ఏది వస్తే అది. అందులోనూ అమ్మమ్మ పేరో నానమ్మ పేరో పెడితే ఆ పేరుతో ఎవరూ పిలవరు కూడా, పిలుపు పేరు వేరే ఉంటుంది. ఆవిడ మంచం మీద పడుకుని బిడ్డను హనా, హనా అని పిలుస్తూనే ఉంది. నా చెవులతో విన్నాను. నేనూ ఆ పిల్లను ఎత్తుకుని హనా అన్నాను. అది ముద్దుపేరు అనుకున్నాను. అసలు పేరు ఇరవై ఒకటో రోజున పెడతారు గదా, అప్పుడే రాసి తీసుకుపోదామని ఫారాన్ని బల్ల సొరుగులో పెట్టాను. పుట్టిన పద్నాలుగు రోజుల్లోగా తెలియజేయాలని ఆ ఫారం వెనకనే అచ్చువేసి ఉంది, అదీ చదివాను. ఏడు రోజులు ఆలస్యమైతే ఏం కొంపలు మునుగుతాయి అనుకున్నాను. అసలు మీవాళ్ళలో పేరెప్పుడు పెడతారు అని ఆ తల్లిని ఒక్క మాట అడగలేదు. అడగవలసిన విషయమనే నాకు తోచలేదు, ఎందుకంటే బిడ్డ పుడితే ఎక్కడైనా ఇంతే అనుకున్నాను.

మా వదిన అప్పటికే కాలనీలో కోస్తా ఆడవాళ్ళందరినీ కూడగట్టి బారసాలకు ఏర్పాట్లు మొదలుపెట్టింది. ఎవరింటి నుంచో చెక్క ఉయ్యాల వచ్చింది. తమ వైపు దాన్ని తొట్టెల పండుగ అంటారని, పాట తాను పాడతానని పాలామె మాట ఇచ్చింది. నేను రోజూ సాయంత్రం వెళ్ళి బిడ్డ బుగ్గన దిష్టిచుక్క పెట్టి వచ్చేదాన్ని, ఆవిడ చెరపకుండా ఉంచేది.

పందొమ్మిదో రోజున టెలిగ్రాం వచ్చింది. అమ్మకు చాలా జబ్బుగా ఉంది, వెంటనే రావాలి అని. ఇంజనీరు గారు నేరుగా మా ఆఫీసుకే వచ్చారు. బొంబాయి నుంచి విమానానికి చోటు సంగతి కంపెనీ చూసుకుంటుంది, డాక్టరు కూడా ఒప్పుకున్నాడు, పాలు తాగే పిల్లను వదిలి తల్లి ఎలాగూ వెళ్ళలేదు కనుక బిడ్డ కాగితం ఒక్కటి ఇమ్మన్నారు. సంగారెడ్డి నుంచి ఆ ఫారం నకలు వస్తే, దాన్ని పట్టుకుని ఢిల్లీలోని వాళ్ళ రాయబార కార్యాలయం బిడ్డ పేరును తల్లి పాస్‌పోర్టులో ఎక్కిస్తుంది. అది లేనిదే ఆ పసిగుడ్డు దేశం గడప దాటడానికి లేదు. పుట్టిన వారంలోనే నేను పంపి ఉంటే ఆ కాగితం ఆపాటికి ఢిల్లీ వెళ్ళి తిరిగి వచ్చి ఉండేది. సొరుగులో ఉన్నదాన్ని ఇప్పుడే తెస్తానని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. తాత్కాలికపు ఉద్యోగం, అన్నయ్య మీద ఆధారపడి ఉన్న ఆడపిల్లను. పేరు లేదని సంగారెడ్డి వాళ్ళు తిప్పి పంపారండీ అన్నాను.

ఆ అబద్ధమే పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ మంచం మీద పెట్టె తెరిచి బిడ్డ బట్టలు సర్దుతోంది. సంగారెడ్డి నుంచి తిరిగి వచ్చిందని చెప్పి, ఫారం ముందు పెట్టి, పేరు ఏం రాయమంటారు అని అడిగాను. ఆవిడ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు చూసింది. ఆ తర్వాత నన్ను చూసింది.

"హనా. నీకు ఎర్కే కద చెల్లె. మా అమ్మ పేరు."

ఆ పూటే బస్సెక్కి సంగారెడ్డి వెళ్ళాను. పెద్ద గుమాస్తా గారు తేదీ చూసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయనకు మాత్రం అబద్ధం చెప్పలేకపోయాను. అంతా విని ఆయన కేకలేయలేదు. "పేరు లేకుంటె రాసుకోవద్దని ఏడ లేదమ్మా. ఆడపిల్ల పుట్టింది అని రాస్తె సాలు, పేరు ఎన్కసీరి రాసుకోవచ్చు. నన్నొక్క మాట అడగకపోతివి" అన్నారు. నేను అక్కడ కూర్చుని ఉండగానే పై అధికారి సంతకం తానే వెళ్ళి చేయించి, నకలు నా చేతిలో పెట్టారు. ఆ సాయంత్రమే కంపెనీ మనిషి ఒకరు దాన్ని తీసుకుని ఢిల్లీ రైలెక్కాడు. అప్పట్లో ఢిల్లీ వెళ్ళడానికి రోజున్నర పట్టేది, అక్కడ శని ఆదివారాలు అడ్డం వచ్చాయి, ఆ పైన వాళ్ళకేదో సెలవు.

ఇరవై ఒకటో రోజు ఆ మధ్యలోనే వచ్చింది. బారసాల వద్దులే అని వదిన అంటే, ఆవిడే చెయ్యమంది. ఉయ్యాలలో బిడ్డను వేశారు, పాలామె తొట్టెల పాట పాడింది, వదిన బియ్యంలో వేలితో హనా అని రాసింది. ఆవిడ కుర్చీలో కూర్చుని, ఎవరు లోపలికి వచ్చినా తలుపు వంక చూస్తూనే ఉంది. ఢిల్లీ నుంచి కాగితం ఇరవై తొమ్మిదో రోజు మధ్యాహ్నం వచ్చింది. అంతకు ముందు రోజు రెండో టెలిగ్రాం వచ్చింది. దానిలో ఏముందో ఇక రాయనక్కరలేదు.

కాలనీ ఆడవాళ్ళంతా పరామర్శకు వెళ్ళాం. ఏమనాలో తెలియక మిగతావాళ్ళంతా చాప మీద కూర్చుని నేల చూపులు చూస్తున్నారు. పాలామె మాత్రం గుమ్మంలో అడుగు పెడుతూనే గొంతెత్తి ఏడ్చింది, అప్పుడు గాని ఆవిడకు ఏడుపు రాలేదు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే నేను లోపలికి వెళ్ళలేక తలుపు దగ్గరే నిలబడ్డాను. తిరిగి వస్తూ దారిలో అందరూ సంగారెడ్డి ఆఫీసును తిట్టారు. ఒక్క పేరు కోసం కాగితం తిప్పి పంపుతారా, వాళ్ళకు తల్లులు లేరా అన్నారు. కొండాపూర్ నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చే ఆ పెద్దమనిషిని అలా అంటుంటే విన్నాను, విని ఊరుకున్నాను. అంతకంటే నీచమైన పని నా జీవితంలో చేయలేదు.

ఆ తర్వాత మూడేళ్ళు, ఆఫీసు విడవగానే నేను వాళ్ళింటికి వెళ్ళని రోజు చాలా తక్కువ. హనాకు నీళ్ళు పోశాను, నడక నేర్పాను, కందిపప్పు అన్నం గోరుముద్దలు తినిపించాను. పాపభయమే నన్ను అక్కడికి తరిమేది, అయితే ఆ పిల్ల నా మెడ చుట్టూ చేతులు వేశాక పాపమూ పుణ్యమూ ఏదీ గుర్తుండేది కాదు. ఆవిడ ఎప్పటిలా చెల్లె అని పిలిచేది, టీ ఇచ్చేది, బిడ్డను చేతికందించేది. అమ్మ మాట మాత్రం నా దగ్గర ఎన్నడూ ఎత్తలేదు. తొలకరికి పుట్టగొడుగులకు వెళ్ళడం మానేసింది.

డెబ్బైలలో వాళ్ళ ఒప్పందం ముగిసింది. కాగితాలు అప్పగించడానికి ఆవిడనూ హనానూ జీపులో సంగారెడ్డి తీసుకెళ్ళాను. పెద్ద గుమాస్తా గారు పదవీ విరమణకు దగ్గర పడ్డారు, అయినా ప్రతి పుటా చదివి, సంతకాలు తీసుకుని, హనా చేతిలో రెండు బెల్లం మిఠాయిలు పెట్టి, సలామత్‌గా పోయి రమ్మన్నారు. జీపు డ్రైవరు ఎక్కడికో వెళ్ళాడని వరండాలో బల్ల మీద కూర్చున్నాం. ఆయన మంచితనం చూశాక ఆయన మీద నేను మోపిన నింద గుర్తొచ్చింది. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పుడూ చెప్పలేనని తెలుసు. ఫారం సొరుగులోనే ఉందని, ఆయన తిప్పి పంపలేదని, నేను మీ అమ్మగారి దగ్గరకు మిమ్మల్ని వెళ్ళనివ్వలేదని, తల వంచుకుని మొత్తం చెప్పేశాను.

ఆవిడ ఆశ్చర్యపోలేదు. "నాకు గప్పుడే ఎర్క. సంగారెడ్డి పోయొచ్చిన కాగితం మీద మొహర్ ఉంటది. దాని మీద లేకుండె."

పరాయి దేశంలో బతికేవాళ్ళు అక్షరాలు రాకపోయినా ముద్రలు చదువుతారని నాకు అప్పటిదాకా తెలియదు. ఏ కాగితం మీద ఏ ముద్ర, ఏ రంగు, ఏ తేదీ అన్నది వాళ్ళకు ఊపిరితో సమానం. మూడేళ్ళుగా తెలిసి కూడా నన్నెందుకు ఒక్క మాట అనలేదని అడిగాను.

"అంటె నువ్వు రాకపోతుంటివి. అమ్మ పాయె. నువ్వు గూడ రాకపోతె ఈడ నాకెవరున్నరు?"

నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. హనా చెప్పు ఊడిపోతే వంగి దాని పట్టీ బిగిస్తూ, నా వైపు చూడకుండా, మామూలు గొంతుతో మరో మాట కూడా అంది. "మా కాగితాలన్ని గూడ నీ చేతుల్నే ఉండె."

జీపు వచ్చింది, ఎక్కాం. వారం తిరక్కుండా వాళ్ళు వెళ్ళిపోయారు. కొన్నేళ్ళపాటు కొత్త సంవత్సరానికి కార్డు వచ్చేది, తర్వాత అదీ ఆగిపోయింది.

ఆవిడ అన్న ఆ రెండు మాటల్లో మొదటిదాన్నే నేను ఇంటికి తెచ్చుకున్నాను. నన్ను క్షమించింది, నన్ను తన మనిషి అనుకుంది అని ఏళ్ళ తరబడి దాన్ని తలుచుకుని ఊరట పొందాను. పెళ్ళయి, పిల్లలు పుట్టి, ఉద్యోగం పర్మనెంటయి, రిటైరయ్యే దాకా రెండో మాట నాకు గుర్తుకైనా రాలేదు. కొన్నేళ్ళ కిందట పెన్షను ఆగకుండా, బతికే ఉన్నానని కాగితం ఇవ్వడానికి బ్యాంకుకు వెళితే, కౌంటరులో ఉన్న అబ్బాయి నా వేలిముద్ర పడటం లేదని విసుక్కుని, అందరి ముందూ చెయ్యి సరిగా పెట్టడం రాదా అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా నవ్వాను. నవ్వి, పిల్లలు బాగున్నారా బాబూ అని అడిగాను. బయట మెట్లు దిగుతూ ఉండగా ఆ సంగారెడ్డి వరండా, చెప్పు పట్టీ బిగిస్తున్న ఆవిడ చేతులు కళ్ళకు కట్టాయి. ఏటేటా వాళ్ళ గడువు పొడిగించే ఫారాలు నా సొరుగులోనే ఉండేవి. కన్నతల్లి చివరి చూపును దూరం చేసినదాన్ని పట్టుకుని నాలుగు దులిపే హక్కు కూడా ఆవిడకు ఇక్కడ లేకపోయింది.

ఇప్పుడు కాగితాలు మనుషుల చేతుల్లో అంతగా లేవు. ఏ గుమాస్తా ఆనవాయితీల కోసమో ఎవరి బిడ్డా ఆగిపోనక్కరలేదు, ఎవరి మొహం చూసీ నవ్వనక్కరలేదు. ఇది మంచి మార్పే, కాదనే అర్హత అందరికంటే తక్కువగా ఉన్నది నాకే. పటాన్‌చెరులో ఇప్పుడు ఏ వీధిలో చూసినా ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళే, ఏ ఊరమ్మా మీది అని అడిగేవాళ్ళూ లేరు. ఆ బంగళాల వరసలో పెంకులు దించేసి చాలా కాలమైంది, హనాకు ఇప్పుడు అరవై దగ్గర పడుతుంటాయి. ఆ మూడేళ్ళలో ఆవిడ బిడ్డను నా చేతికి అందించిన ప్రతిసారీ ఇష్టపడి ఇచ్చిందో, నాతో పని ఉండి ఇచ్చిందో నాకు తెలియదు. రెండూ అయి ఉండవచ్చు. నేను మాత్రం ఇష్టంగానే ఎత్తుకున్నాను, అది ఆవిడకు తెలిసి ఉంటే చాలు.